పగలు నిద్రపోయే తెల్లెలుక

నా చిన్నప్పుడు మామిడికాయల కాలం వచ్చిందంటే నాకు నాన్న లేనట్టే. ఇంట్లోనే ఉండేవాడు, కానీ నిద్రలో. రెడ్డిగూడెం దారిలో ఒక రైతు తోటకి రాత్రి కాపలా కాసి, పొద్దున్నే వచ్చి నులక మంచం మీద వాలిపోయేవాడు. నేను గట్టిగా తుమ్మినా అమ్మ చేతిలో వీపు విమానం మోతే.

నాకు తోడుంటుందని నాన్న ఒకసారి హనుమాన్ జంక్షన్ నుంచి ఒక తెల్లెలుకను తెచ్చాడు. మామిడిపళ్ల చెక్కపెట్టెకి ఇనప వల కొట్టి, లోపల వరిగడ్డి పరిచాడు. తీరా చూస్తే అదీ పగలంతా ఒకటే నిద్ర! నాకు ఒళ్లు మండిపోయింది. నాన్నని లేపే ధైర్యం ఎటూ లేదు, దీన్నైనా లేపుదామని చీపురుపుల్లతో పొడిచేదాన్ని. ఉలిక్కిపడి గడ్డిలోకి దూరేది. మళ్లీ పొడిచేదాన్ని. వారం పైనే అదే పని. దాని బొచ్చు రేగిపోయింది, కళ్లు పుసులు కట్టాయి, వేసిన బియ్యం వేసినట్టే ఉండేవి. బద్ధకం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నాన్న మంచినీళ్లకి లేచి నన్ను చూశాడు. తిట్టలేదు. పుల్ల తీసి పక్కన పెట్టి, "దానిది కూడా నాలాగా రాత్రి డ్యూటీయే అమ్మలూ. పగలు పడుకోనియ్యకపోతే చచ్చిపోద్ది" అన్నాడు. దాన్ని అరచేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఊపిరి గురగురమంటోందట. ఆ తర్వాత నేను దాని జోలికి పోలేదు. అయినా రెండో రోజు పొద్దున నాన్న తోట నుంచి వచ్చేసరికి అది బిగుసుకుపోయి ఉంది.

గుక్కపట్టి ఏడ్చాను. నాన్న ఆ రోజు మంచం ఎక్కలేదు. పెరట్లో గొయ్యి తీసి దాన్ని పాతిపెట్టాడు. నాకు తల దువ్వాడు, ముంజలు ఒలిచి పెట్టాడు, సాయంత్రం దాకా ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. నిజం చెప్పొద్దూ, ఏడుస్తూనే లోపల సంతోషపడ్డాను. నాన్న మేలుకుని ఉన్నాడు కదా! పొద్దు వాలాక కర్ర, టార్చిలైటు తీసుకుని బయలుదేరుతూ గుమ్మం దగ్గర తూలి, గోడ పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నావైపు చూసి నవ్వి వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా మనవరాలు బొద్దెలుకలాంటి హ్యామ్‌స్టర్‌ని పెంచుకుంటోంది. పగలు అది ముడుచుకుని పడుకుంటే, జబ్బేమీ కాదే, దాని నిద్ర దానిది, లేపకు అని చెబుతాను. తిండి మానేసిందా, ఊపిరిలో చప్పుడొస్తోందా అని మాత్రం రోజూ చూస్తాను. అంతవరకే చెప్పగలను. ఒక ప్రాణం పోయి, నాన్న కంటి మీది కునుకు పోతే గానీ నాకు ఆ ఒక్క పగలు దొరకలేదని, దానికి నేను సంతోషపడ్డానని ఈ వయసులో కూడా ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను.