పన్నెండు పులస ముక్కలు

ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి చేత ఈ సాయంత్రం భిన్నాల హోంవర్కు చేయించడానికి కూర్చున్నాను. పుస్తకంలో లెక్క పిజ్జా ముక్కల మీద ఉంది. యానాం పిల్లకి పిజ్జా ఎందుకు, మన తిండితో చెబితే బాగా బుర్రకెక్కుతుందని నేనే మార్చాను. పైగా వంటింట్లోంచి వస్తున్న పులుసు వాసన నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

"అమ్మ పన్నెండు ముక్కలతో పులస పులుసు పెట్టింది. నాన్న అందులో మూడో వంతు తిన్నాడు. మిగిలినవాటిలో సగం నువ్వు తిన్నావు. ఇప్పుడు గిన్నెలో ఎన్నున్నాయి? స్టెప్పులన్నీ రాస్తూ చెయ్యి."

అది పెన్సిలైనా ముట్టుకోకుండా "పన్నెండు" అంది.

"మూడో వంతంటే ఎంతో తెలీదా?" అని కసిరాను.

"నాలుగు. తెలుసు నాన్నా. కానీ పులస పులుసు పెట్టిన రోజు ఎవరూ తినరుగా! మర్నాటికిగానీ ముక్కకి పులుసు పట్టదని నాయనమ్మ మూతే తియ్యనివ్వదు."

వంటింట్లోంచి మా అమ్మ అందుకుంది. "పిల్ల కరెక్టుగానే చెప్పింది కదరా. నీకే లెక్కలు రావు."

లెక్కలోంచి పులస తీసేసి కోడిగుడ్లు పెట్టాను. స్టెప్పులన్నీ రాసి, నాలుగని నిమిషంలో తేల్చేసింది.

రాత్రి నా కంచంలోకీ కోడిగుడ్డు కూరే వచ్చింది. నా లెక్క ప్రకారం గిన్నెలో నాలుగు ముక్కలే ఉండాలి. ఇప్పుడే దొంగచాటుగా మూత తీసి చూశాను, పన్నెండూ ఉన్నాయి.

మీరైతే మార్కులు ఎవరికి వేస్తారు? కాస్త త్వరగా చెప్పండి, జవాబు మారిపోయేలా ఉంది.