నిద్రమందు ఇవ్వకముందు

నిద్రపోతున్న పసిపిల్లల్ని ముద్దు పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకుంటాను. పక్కింటి పిల్లాడైనా సరే. "గట్ల వెట్టుకోవద్దక్కా" అని వాళ్ళమ్మ అంటే, "నీ పని నువ్వు సూసుకో పో" అంటాను. నా నోరు మంచిది కాదని నాచారంలో మా గల్లీ అంతా పేరుంది. ఉండనీ.

తెలంగాణ కోసం రోజూ బందులు జరుగుతున్న కాలంలో, ఏడో నెలలోనే నాకు నొప్పులొచ్చాయి. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. నాకు మత్తు దిగేసరికి పిల్లను పై అంతస్తుకు తీసుకెళ్ళారు. మా అత్తమ్మ చూసొచ్చి, "అచ్చం నీ ముక్కే. ఏం జేస్తం, దాని రాత" అని నన్ను నవ్వించబోయింది. నవ్వితే కుట్లు లాగాయి.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ నా మంచం దగ్గరికి వచ్చింది. పిల్ల ఊపిరి తీసుకోలేక అలసిపోతోందని, మధ్యాహ్నం గొంతులోకి గొట్టం వేసి మెషీన్ పెడతామని నిదానంగా చెప్పింది. ముందు నిద్రమందు ఇస్తారట, లేకపోతే నొప్పికి గింజుకుంటుందట. "కుర్చీ పంపిస్తాను, మందు ఇవ్వకముందే పైకి రామ్మా. ఇప్పుడైతే కళ్ళు తెరిచి చూస్తోంది" అంది.

కళ్ళు తెరిచి చూస్తోంది! నాకు ఆ ఒక్క మాటే వినిపించింది. నా బిడ్డ నన్ను మొదటిసారి చూడబోతోంది. నేనేమో దువ్వని జుట్టుతో, నలిగిన నైటీలో ఉన్నాను. అమ్మ అంటే ఈ అవతారమా? మధ్యాహ్నం నర్సు చక్రాల కుర్చీ తెచ్చి, "నడువక్కా, డాక్టరమ్మ పిలుస్తున్నది" అంటే, "జర ఆగు" అన్నాను. అత్తమ్మ చేత జడ వేయించుకున్నాను. సరిగా రాలేదని విప్పించి మళ్ళీ వేయించుకున్నాను. బొట్టు పెట్టుకున్నాను.

"పెండ్లికి వోతున్నవా ఏంది? జల్ది నడు" అని అత్తమ్మ కసిరింది. నర్సు రెండోసారి కూడా వచ్చి పిలిచింది.

మేం వెళ్ళేసరికి డాక్టరమ్మ చేతులకు గ్లౌజులు వేసుకుని ఉంది. "చాలాసేపు ఆగానమ్మా. ఇక ఆగితే పిల్లకు కష్టం. ఇప్పుడే మందిచ్చాం" అని పక్కకు జరిగింది. వేడి దీపం కింద చిన్న పడక మీద నా బిడ్డ. కళ్ళు మూసుకుపోయాయి. ముక్కు నాదే. నర్సు నా చేతులు కడిగించి, "కాళ్ళు ముట్టుకో అక్కా, అర నిమిషం" అంది. పాదం నా బొటనవేలంత ఉంది. ముద్దు పెట్టుకుందామని వంగాను.

గుమ్మంలోంచి అత్తమ్మ అరిచింది. "వద్దు బిడ్డా! నిద్రవోయే పిల్లను ముద్దు వెట్టుకోవద్దు. లేసినంక వెట్టుకుందువు తియ్యి."

నిజమే కదా అనుకున్నాను. లేచాక పెట్టుకుందాం, అప్పుడు నన్ను చూస్తుంది కూడా. నిటారుగా కూర్చున్నాను. నర్సు కుర్చీ తిప్పేసింది.

మెషీన్ మీద ఉన్నన్నాళ్ళూ నిద్రలోనే ఉంచారు. రోజూ జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని పైకి వెళ్ళి కూర్చునేదాన్ని. ఇవాళ లేస్తుందేమో అని. లేవలేదు.

ఇన్నేళ్ళయినా నాకు అత్తమ్మ మీద కోపం రాలేదు. కోపమంతా ఆ జడ మీదే. చింపిరి జుట్టుతో పోయి ఉంటే చూసేది కదా! ఒక్కసారి చూసి ఉంటే చాలు, ఆ చూపు దాచుకుని బతికేదాన్ని. పసిపిల్లల్ని ఎత్తుకున్నప్పుడల్లా, నా బిడ్డ కళ్ళు ఎలా ఉండేవో అని ఇప్పటికీ వెతుక్కుంటాను.

మెషీన్ పెట్టిన నాలుగో రోజు పిల్లను తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. ఆ రోజు బంద్. బస్సుల్లేక మా ఆయన నాచారం నుంచి నడిచి రావాలి. ఆయన వచ్చేదాకా పిల్లను నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న అత్తమ్మ పిల్ల మొహం మీది గుడ్డ తనే తీసి, "ఇప్పుడు వెట్టుకో బిడ్డా" అంది.

వంగాను. జడ ముందుకు జారి పిల్ల మీద పడింది. అత్తమ్మ దాన్ని వెనక్కి తీసి, నేను లేచేదాకా చేత్తో పట్టుకుంది.