మా మామ ఎంచిన మట్టి మిషన్

మా మామ పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున, టీ గ్లాసు చేతికి ఇచ్చి నేను అటు తిరిగేలోపల, మంచం మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఆత్మకూరు చుట్టుపక్కల ఆయన చేసిన కుండలో నీళ్ళు తాగినవాళ్ళు చాలామందే ఉంటారు. కబురు అందనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాకు ఆయన భర్త తండ్రి, పని నేర్పిన గురువు కూడా.

మా కుమ్మరి ఇళ్ళలో ఆడవాళ్ళు మట్టి నానబెడతారు, కాళ్ళతో తొక్కుతారు, కుండలకు ఎర్రమట్టి పూస్తారు. కుండలు చేసే సారె చక్రం మాత్రం ముట్టుకోరు. నేను కాపురానికి వచ్చిన మూడోరోజు నుంచే ఆయనా నేనూ కలిసి మట్టి తొక్కాం. మా ఆయనకు ఈ పని పట్టలేదు, అనంతసాగరం దాకా షేర్ ఆటో తోలుతారు. కొన్నేళ్ళ కిందట మామకు మోకాళ్ళు పట్టేశాయి. నా ఒక్కదాని కాళ్ళతో సారెకు సరిపడా మట్టి కావడం లేదు. మట్టి లేకపోతే సారె ఆగుతుంది. ఆగిన సారెను మా ఇంట్లో మళ్ళీ తిప్పేవాళ్ళు లేరు. అందుకే మట్టి పిసికే మిషన్ కొందామని నేనే అన్నాను. తిడతారనుకున్నాను. "చూద్దాం పద" అన్నారు.

ఆయన చిటికెడు మట్టి పారేసేవారు కాదు. సారె మీద చెడిన కుండలు, గీకిన తునకలు, ఎండలో పగిలిన మూతలు అన్నీ ఒక మూల పోగయ్యేవి. "నిప్పు చూడనంతవరకూ ఏ తప్పునైనా నానబెట్టుకోవచ్చు" అనేవారు. ఒకసారి నేను తొందరపడి, సగం తడి ఆరిన తునకలను నీళ్ళ తొట్టిలో వేశాను. వారమైనా గడ్డలు గడ్డలుగానే ఉన్నాయి. "అరకొర ఎండింది మొండిది మ్మా. బాగా ఎండనీ, అదే కరుగుతాది" అన్నారు. నాకూ మా ఆయనకూ మాటా మాటా పెరిగిన రోజుల్లో కూడా, ఇద్దరినీ చూసి ఇదే మాట అని బయటికి వెళ్ళిపోయేవారు.

మొదట నెల్లూరులో ఒక అంగడికి పోయాం. మామ భుజాన ఒక గోతం ఉంది. అంగడి అబ్బాయి వెన్నలాంటి మట్టి పెట్టి మిషన్ తిప్పాడు, మట్టి నున్నగా బయటికి వచ్చింది. నాకు అప్పుడే కొనేయాలనిపించింది. మామ గోతం విప్పి, ఎండిన తునకలు కాసిని నీళ్ళు చల్లి లోపల పోశారు. మిషన్ మూలిగి ఆగిపోయింది.

"ఇట్టాంటివి వేస్తే ఎట్టా తాతా?" అన్నాడు ఆ అబ్బాయి.

"ఇట్టాంటివి వెయ్యకపోతే మిషన్ ఎందుకు నాయనా? ఆ వెన్న పిసకడానికి నా కోడలు చాలు" అన్నారు మామ.

రెండోది సంగం దగ్గర మాకు తెలిసిన కుమ్మరుల ఇంట్లో చూశాం. మా తునకలన్నీ మింగి చక్కటి ముద్ద ఇచ్చింది. నేను సంతోషపడేలోపల మామ నన్ను పిలిచి "ఆ మూత ఎత్తి కడుగు" అన్నారు. మూత ఇనుపది, నాకు కదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు వచ్చి ఎత్తారు. ఆయన గోతం భుజానేసుకుని బస్సు ఎక్కేశారు. ఈయనకు మిషన్ కొనే ఉద్దేశమే లేదు, నన్ను ఊళ్ళు తిప్పుతున్నారని దారి పొడవునా నాకు ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చాక ఆ మాట పైకే అన్నాను. నవ్వారు.

మూడోది ఉదయగిరిలో, మూతపడ్డ ఒక షెడ్డులో. పాతది, రంగు పోయింది, చిన్నది. మామ స్పానర్ నా చేతికిచ్చి పక్కన కూర్చున్నారు. నాలుగు నట్లు విప్పితే బ్లేళ్ళు బయటికి వచ్చాయి. కడిగాను, మళ్ళీ బిగించాను. మట్టి పోసే నోరు నా మోచేతి ఎత్తులో ఉందో లేదో నన్ను నిలబెట్టి చూశారు. మా తునకలు వేసి తిప్పించి, వచ్చిన ముద్దను దారంతో కోసి, లోపల గాలి బుడగలు లేవని చూసి, కొంచెం పళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఇది తీసుకుందాం" అన్నారు.

"ఇంత పాతదా?" అన్నాను.

"మిషన్ మొరాయించిన రోజున ఇంట్లో ఎవురుంటారో అది చూసుకోవాల. వాడు ఆటో మీద ఉంటాడు. నేనుండను. నువ్వే ఉంటావు."

అన్ని ఊళ్ళూ ఆయన తన మోకాళ్ళ కోసం తిరుగుతున్నారనుకున్నాను. తను లేని రోజు కోసం తిరిగారు.

మిషన్ వచ్చిన వారానికి "కాళ్ళు ఖాళీగా ఉండాయి కదా, ఇట్టా కూర్చో" అని నన్ను సారె ముందు కూర్చోబెట్టారు. చెడగొట్టిన కుండలకు లెక్కలేదు. అన్నీ ఎండబెట్టి, నానబెట్టి, మిషన్‌లో వేసి మళ్ళీ చేశాను. మా చినమామ, అంటే ఆయన తమ్ముడు, పనిగట్టుకుని వచ్చి "కోడల్ని సారె మీద కూర్చోబెట్టినావంట?" అని నిలదీశాడు. "నువ్వొచ్చి కూర్చుంటానంటే లెయ్యమంటాను" అన్నారు మామ. చినమామ ఆ తర్వాత మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

చావు కబురుతో కుండకు వచ్చినవాళ్ళను గడపలో నిలబెట్టకూడదని మామ నియమం. తిండి మధ్యలోనైనా లేచి ఇచ్చేవారు. ఆయన పోయిన రోజున, కొడుకు భుజాన మోయాల్సిన నీళ్ళ కుండ కోసం మా పని షెడ్డులో వెతికితే ఆయన చేతి కుండ ఒక్కటీ లేదు. ఏడాదిగా ఆయన సారె ఎక్కలేదు. ఉన్నవన్నీ నావే, పాత తునకల మట్టితో చేసినవి. చినమామ సంగం నుంచి తెప్పిద్దామన్నాడు. ఎన్నడూ మట్టి గురించి నోరెత్తని మా ఆయన నా కుండల్లో ఒకటి తీసి "మా నాయన వేలితో కొట్టి చూసి బాగుండాదన్న కుండ ఇది" అని నీళ్ళు నింపుకున్నారు.

మేము ఆడవాళ్ళం శ్మశానానికి పోము. ఇంటి దగ్గరే కూర్చున్నాను. పొద్దుటి నుంచి నాకు ఏడుపు రాలేదు, వచ్చినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

మధ్యాహ్నం మగవాళ్ళు తిరిగివచ్చారు. కాళ్ళు కడుక్కుని అందరూ లోపలికి పోయినా చినమామ గడప బయట తడి కాళ్ళతో నిలబడిపోయాడు.

"వాడు భుజం మీంచి వెనక్కి వేసినాడు. కుండ పగల్లేదు మ్మా. దొర్లుకుంటా పొయ్యి ఆగింది. రాయి తీసుకుని కొట్టాల్సి వచ్చింది" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. చినమామ లోపలికి వచ్చి, కుండలో గ్లాసు ముంచుకుని, నా పక్కన కూర్చుని నీళ్ళు తాగాడు.