రెండుసార్లు తట్టే బొటనవేలు

కడప హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితుడు చేనేత మగ్గాల ఇంటివాడు. నెలనెలా చందా కట్టి సూపర్‌హీరోల ఆన్‌లైన్ ఆట కలిసి ఆడేవాళ్లం. పోరాటాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయని నేను సణిగితే అతను ఒప్పుకునేవాడు కాదు.

“పోట్లాటలు ఎట్లన్నా ఉండనీప్పా. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని పెరిగినోణ్ణి. నాకు ఎగిరేది చాలు.”

స్పేస్‌బార్‌ను రెండుసార్లు తడితే మా హీరోలు పైకి లేస్తారు. అతని బొటనవేలికి అదే అలవాటైపోయింది. అన్నం ముందు కూర్చున్నా, బస్సులో కూర్చున్నా తొడ మీద రెండుసార్లు తట్టేవాడు. హాస్టల్లో అందరం నవ్వేవాళ్లం.

ఒక ఆదివారం గండికోట పోయాం. లోయ అంచున బండ మీద అతను నా ముందు నిలబడ్డాడు. ఎక్కడో కింద పెన్న. ఉన్నట్టుండి అతని బొటనవేలు తొడ మీద ఒకసారి తట్టింది.

రెండోసారి తట్టకముందే చొక్కా పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం బండ మీద పడ్డాం.

“ఏమప్పా, నేను యాడికి పోతాండానని?” అన్నాడు. నవ్వబోయాడు గానీ కళ్లు లోయ వైపే ఉన్నాయి.

నా కుడిచెయ్యి ఇంకా అతని చొక్కా వదల్లేదు. ఎడమచేతి బొటనవేలు మాత్రం, నాకు తెలియకుండానే, బండ మీద రెండుసార్లు తట్టింది.