వెలుగు పూచే ఎడమకన్ను

మధురైకి పడమట, ఆండిపట్టి నుంచి చిన్నమనూరు దాకా ఏ తిరునాళ్లలోనైనా దీపాల తోరణం ముందు జనం ఆగి తలెత్తి చూశారంటే, అది కల్యాణసుందరం గీసిన బొమ్మే అయివుంటుంది. ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేసిన మనిషి. అయితేనేం, పలక మీద బలపంతో గీసిన గుర్రాన్ని ఇంతెత్తు చట్రం మీద బల్బులతో పరుగెత్తించిన మొదటివాడు ఆ చుట్టుపక్కల ఆయనే. మాతాకోవిల చర్చి పండుగకు అలల మీద ఊగే ఓడ కట్టాడు. కంబంలో ద్రాక్షగుత్తిని పచ్చి నుంచి పండుకు తెచ్చాడు. పీలమేడు కల్యాణమండపంలో ఆయన నెమలి పురి విప్పితే పెళ్లికూతురే పీట దిగి చూడ్డానికి వచ్చింది. కప్పించుకున్న శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. అడగకపోయినా చూపిస్తాడు. చూపించదగ్గవే మరి.

తోటివాళ్లు జనరేటర్లు కొన్నారు, కార్లు కొన్నారు. ఈయన బొమ్మ దగ్గరే ఉండిపోయాడు. అందుకు ఆయన చింతించిందీ లేదు. సీరియల్ సెట్టులో ఏ బల్బూ ఉన్నచోటు వదిలి కదలదు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది, దూరాన ఉన్నవాడికి గుర్రం పరుగెత్తుతుంది. మనిషి ముందుకు రావడమూ అలాంటిదేనని ఆయన నమ్మకం.

కొన్నేళ్లుగా ఆయన కళ్లకు శుక్లాలు కమ్ముకుంటూ వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆ పొరలో ఒక వింత జరిగేది. దీపాలు పెట్టే వేళకు ఒక్కొక్క బల్బు చుట్టూ వెలుగు రేకులు విచ్చుకునేవి. ఒక పువ్వు పక్క పువ్వులోకి కరిగేది. వీధిలో బండి మీద పోయే పాలవాడు చంద్రుణ్ణి ముందు పెట్టుకుని పోతున్నట్టుండేది. ఆ మెత్తదనంలోనే నెమలి పుట్టింది, ద్రాక్ష పండింది.

పీలమేడులో ఉద్యోగం చేసే కూతురు కళైవాణి సెలవుకు వచ్చి, తండ్రి కాఫీ లోటా కోసం తడుముకోవడం చూసింది.

"ఏమి నైనా, కన్ను తెలియలేదా?"

"తెలుస్తాది మా. నీకంటే బాగా తెలుస్తాది."

"అట్లయితే ఈ క్యాలెండర్లో తేదీ చదువు."

"తేదీ చూసేదానికా దేవుడు కన్నిచ్చినాడు?"

"సుమ్మా ఊరికే ఏమేమో చెప్పొద్దు. రేపే మధురైకి పోతాము."

మధురైలో కుడికన్నుకు ఆపరేషన్ చేశారు. అది కుదురుకున్నాక ఎడమదానికి రమ్మన్నారు.

ఇంటికి వచ్చి కట్టు తీసిన మర్నాడు ఆయన నేరుగా షెడ్డుకు పోయాడు. చిన్నమనూరు తిరునాళ్లకు కడుతున్న బొమ్మ అక్కడుంది: పచ్చటి వరిమడి, అందులోంచి లేచే తెల్లకొంగలు. మీసం రాని నాటి నుంచీ ఆయన బొమ్మలకు వైర్లు లాగే యేసుదాస్ తలుపు మూసి స్విచ్చి వేశాడు.

కల్యాణసుందరం కదలకుండా నిలబడిపోయాడు. బల్బులు కనబడ్డాయి. చెక్క, మేకులు, వైర్లు కనబడ్డాయి. కొంగ లేదు. కుడికన్ను మూశాడు. ఎడమకంట మంచులోంచి కొంగలు లేచాయి. కుడికన్ను తెరిచాడు. మళ్లీ మేకులు.

"యేసుదాసూ, నీకేమి కనబడతాది?"

"ఆ మూల ఒక బల్బు ఫ్యూజు అన్నా."

"అది కాదురా. కొంగ కనబడతాదా?"

"కొంగ అని నువ్వు చెప్పినావు, కొంగే. బాతంటే బాతు."

కల్యాణసుందరం మళ్లీ చట్రం వైపు చూశాడు. అయితే పీలమేడు నెమలిని తనొక్కడే చూశాడా? ఇన్నేళ్లూ జనం చప్పట్లు కొట్టింది మేకులకా? ఎడమకన్ను కూడా బాగైపోతే, ఆ వెలుగును చూసినవాడంటూ లోకంలో ఎవడూ మిగలడు.

కూతురు ఫోను చేసి ఇంకో కన్ను సంగతి అడిగింది.

"కొంగ లేచినాక వస్తా" అన్నాడు.

బల్బుల ముందు నూనెకాగితం పెట్టి చూశాడు. గరుకు అద్దం పెట్టి చూశాడు. చివరికి తన పలచని వేష్టి పంచెనే వేరే చట్రానికి బిగించి, సగం బల్బుల ముందు పట్టుకొమ్మని యేసుదాస్ చేతికిచ్చాడు. పాత బల్బులయితే గుడ్డ మాడిపోయేది, ఈ కొత్తవి ముట్టుకున్నా చల్లగానే ఉంటాయి. పట్టపగలే తలుపులు బిగించి చీకటి చేసుకుని, ఎడమకంట వట్టి బల్బులను, కుడికంట గుడ్డ చాటు బల్బులను మార్చిమార్చి చూశాడు.

"ముందుకు తే. చాల్లే, వెనక్కి."

"చెయ్యి లాగతా ఉండాది అన్నా! నీ రెండు కళ్ల పంచాయతి ఎప్పుడు తీరేది?"

గుడ్డ బల్బులకు జానెడు దూరానికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఎడమకన్ను చూపించిందే కుడికన్నూ చూపించింది. యేసుదాస్ గుడ్డ చట్రానికి కర్ర ఆనించి, ఇవతలికి వచ్చి పక్కన నిలబడ్డాడు. మడి మీద తెల్లవారుతున్నట్టుంది. అంచుల్లేని రెక్కలు ఒకదాంట్లోంచి ఒకటి విచ్చుకుంటూ మెల్లగా పైకి పోతున్నాయి.

"అన్నా, ఇన్ని నాళ్లు నువ్వు చూస్తా ఉండింది దీన్నేనా?"

"దీన్నే."

"అడ పావి, పాపిష్టి మనిషీ! ఒక్క మాట చెప్పుంటే ఏమి?"

"నీకూ కనబడతా ఉండాదనుకుంటిని రా."

చిన్నమనూరులో పొద్దుగూకి దీపాలు వేసినప్పుడు రంగులరాట్నం దగ్గరి గోల కూడా కాసేపు తగ్గింది. ఒక ముసలమ్మ కొడుకు చెయ్యి గిల్లి, "ఒరే, ఇది మన మడేరా" అంది. కల్యాణసుందరం జనం మధ్యన నిలబడి బొమ్మను కాదు, వాళ్ల మొహాలను చూశాడు. తరువాత, తిరునాళ్లకని వచ్చిన కళైవాణి భుజం తట్టాడు.

"మధురైకి ఫోను చెయ్యి మా. ఎడమకన్ను పొర ఎప్పుడు తీస్తారో అడుగు."

"ఇన్నాళ్లు పిలిస్తే రాలేదు, ఇప్పుడేమి తొందర?"

"అందరికీ ఇచ్చేసినా గదా," అన్నాడాయన, "ఇంక నేనొక్కణ్ణి దాచిపెట్టుకునేది ఏముండాది?"