రేకు మీద వాసవి ముఖం

హిందూపురంలో జయరామయ్యది బట్టలంగడి. కూతురు వాసవి బడి వదిలాక రోజూ అంగడికి వచ్చి తండ్రికి సాయం చేసేది. ఒకనాడు పెనుకొండ నుంచి వచ్చిన ఒకామె, వాసవి కొలిచి చించిన రవికె గుడ్డను పక్కకు నెట్టి, వేరే తానులోంచి ఇమ్మని జయరామయ్యను అడిగింది. వాసవి మూతి చుట్టూ, చెవి కింద అప్పటికే బొల్లి మచ్చలు తేలాయి. జయరామయ్య ఇంకో తాను విప్పాడు. మరునాటి నుంచి తల్లి ఇందిరమ్మ కూతుర్ని అంగడికి పంపలేదు. ఎక్కడికి బయల్దేరినా ఎదురుగా కూర్చోబెట్టుకుని, మచ్చల మీద ఒంటిరంగు క్రీము తనే అద్దేది.

బెంగళూరులో బొమ్మల కాలేజీలో చేరాక వాసవికి, రేకు మీద గీసి కాగితం మీదికి తీసే అచ్చుబొమ్మల పని పట్టుబడింది. రెండో ఏడు, ఎవరి ముఖం వాళ్లే గీసి ప్రదర్శనకు పెట్టాలన్నారు. సెలవులకు ఇంటికొచ్చి, మిద్దె మీది షెడ్డులో అద్దం ముందు కూర్చుని జింకు రేకు మీద తన ముఖం గీసుకుంది. మచ్చలున్న చోట వార్నిష్ అద్దింది. వార్నిష్ ఉన్నచోట యాసిడ్ రేకును తినదు, సిరా నిలవదు. అచ్చు తీస్తే అక్కడ కాగితం తెల్లగా మిగులుతుంది.

మధ్యాహ్నం రేకును యాసిడ్ తొట్టిలో దించింది. సమయం మించితే వార్నిష్ లేచిపోతుంది. సరిగ్గా అప్పుడే వడియాలు ఎత్తడానికి ఇందిరమ్మ మిద్దెక్కి, తొట్టిలోకి తొంగి చూసింది.

“ఎవురిదే ఆ మొగం?”

“నాదేనమ్మా.”

“మచ్చలు గూడా గీసుకున్యావా?”

ప్రదర్శనకు పెడతానని వాసవి చెప్పింది. పదిమందీ ఫోన్లలో ఫొటోలు తీస్తారని, అవి ఊరిదాకా వస్తాయని, ఇన్నేళ్లు తాను దాచిందంతా ఏం కావాలని ఇందిరమ్మ అడిగింది. ఆమె గొంతు పెరగలేదు. వాసవిని భయపెట్టింది అదే. తల్లి తొట్టికి అడ్డంగా నిలబడి ఉంది. వెనక యాసిడ్ బుడగలు చిక్కబడుతున్నాయి.

“జరుగమ్మా. ఇంగ తీయకుంటే చెడిపోతాది.”

“పోనీ.”

వాసవి పక్కగా వెళ్లబోయింది. అంతలో ఇందిరమ్మ వంగి, రేకును లాగి పారేద్దామని వట్టి చెయ్యి తొట్టిలో పెట్టేసింది.

వాసవి తల్లి మణికట్టు పట్టుకుని కొళాయి దగ్గరికి ఈడ్చుకుపోయింది. నీళ్ల ధార కింద వేళ్లు పసుపుపచ్చగా మారుతున్నాయి. వెనక తొట్టి బుసబుసమంటూనే ఉంది. వాసవి ఒక్కసారి తిరిగి చూసింది గానీ చెయ్యి వదల్లేదు. ఆస్పత్రిలో, పైచర్మమే కాలిందని చెప్పి డాక్టరు కట్టు కట్టాడు.

తొట్టిలోంచి తీసిన రేకును కడిగి చూస్తే ముఖం చాలావరకు బతికింది. బెంగళూరు పోయి కాలేజీ ప్రెస్సు మీద ఒక అచ్చు తీసి, రేకుతో సహా ఇంటికొచ్చి, అచ్చును తల్లి ముందు పెట్టింది. ఇందిరమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, దాని మీదికి వంగి చూసింది. ఎక్కడ చించేస్తుందోనని వాసవి కాగితం అంచు వదల్లేదు.

“చెవి కిందిది యాడపోయింది?” అంది ఇందిరమ్మ.

ఆ మచ్చ మీది వార్నిష్ లేచిపోయి, అక్కడ నల్లగా పడింది. ఎవరికీ తెలియదనుకుంది వాసవి. కానీ రోజూ క్రీము అద్దిన వేళ్లకు తెలియకుండా పోతుందా?

వాసవి రేకు తెచ్చి, మళ్లీ తెల్లగా పడేలా ఆ చోటు గీకి నునుపు చేసింది. ఇందిరమ్మ పక్కన కూర్చుని, ఇంకొంచెం కిందికని, చింతాకంతే ఉంటుందని చెబుతూ పోయింది.

ప్రదర్శనకు మాత్రం రాలేదు. చెయ్యి మానలేదంది. జయరామయ్య ఒక్కడే వెళ్లి, బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, మెల్లగా “బాగుండాది” అన్నాడు.

ఇప్పుడు వాసవికి ఆ మిద్దె మీదే సొంత ప్రెస్సు ఉంది. అచ్చు తీసే రోజుల్లో ఇందిరమ్మ పైకి రాదు. అప్పుడే తీసిన తడి కాగితం పట్టుకుని, తల్లికి చూపడానికి వాసవే కిందికి దిగుతుంది.