మగవాళ్ళను అడిగిన డాక్టరమ్మ

సూరత్ శివార్లలో కడోదరా చౌరస్తా దగ్గర బస్సు ఆగినప్పుడల్లా కిటికీలోంచి ఉడికిన బట్ట వాసన వస్తుంది. రంగునీళ్ళు, ఆవిరి, వేడెక్కిన పాలిస్టరు కలిసిన వాసన. పోయిన వారం అది ముక్కుకు తగలగానే డాక్టర్ హైమవతి గారు గుర్తుకొచ్చారు. నేను ఆమె సంతాప సభ నుంచే తిరిగివస్తున్నాను. సూరత్ తెలుగువాళ్ళు కట్టుకున్న హాలులో జరిగిన ఆ సభలో వక్తలందరూ ఆమెను సంతానం ప్రసాదించిన దేవత అన్నారు. పూలదండ వేసిన ఫొటోలో ఆమె ఆ మాటలకు ఒప్పుకోనట్టే కనిపించారు. ఆమె పరిశోధన అచ్చయిన పత్రికలో మా మూడేళ్ళ శ్రమ ఒక్క వాక్యంలో ఉంది: కార్మికుల బస్తీలనుంచి దంపతుల వివరాలు సేకరించాము, అని. ఆ వాక్యం వెనక ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురమే మిగిలాం. అందుకే ఇది రాసి పెట్టాలి.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు రాజేశం. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి జోల్వాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి కడోదరాలో బట్టకు రంగులద్దే మిల్లులో చేరాను. అక్కడ తడిబట్టను సాగదీసి వేడిగాలితో ఆరబెట్టే స్టెంటర్ యంత్రం దగ్గర ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. సెలవురోజు మాత్రం నగర గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. గుజరాతీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాను. లైబ్రేరియన్ నిరంజన్‌భాయ్ నా ఆత్రం చూసి, బయటికి ఇవ్వకూడని వైద్య విజ్ఞాన సంపుటాలను కూడా తన బల్ల పక్కనే కూర్చోబెట్టి చదవనిచ్చేవాడు. చదివింది రాసుకున్న నోటుబుక్కులు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. అంత చదివినా ఒక పని మాత్రం చేయలేదు. పద్మకూ నాకూ పెళ్ళయి అప్పటికి ఏడేళ్ళయినా పిల్లలు లేరు. పద్మను డాక్టర్ల చుట్టూ తిప్పాను. మా అమ్మ, ఇరుగుపొరుగు ఆమెను అనని మాట లేదు. నేను ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు.

హైమవతి గారిని మొదట చూసింది ఆ హాలులోనే. ఆమెది కాకినాడ. భర్త బ్యాంకు ఉద్యోగం వల్ల సూరత్ వచ్చి ఒక ట్రస్టు ఆస్పత్రిలో సంతానలేమి విభాగం చూసేవారు. ఆ రోజు ఉపన్యాసానికి నలభై మంది ఆడవాళ్ళు వచ్చారు. మగవాణ్ణి నేనొక్కణ్ణే, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె మైకు పట్టుకుని హాలంతా చూశారు.

"మీ ఆయనలు ఏరీ?" అని అడిగారు.

"డ్యూటీల ఉన్నరు మేడం," అంది ముందు వరసలో ఒకామె.

"రాత్రి డ్యూటీ వాళ్ళో?"

"పండుకున్నరు."

"అయితే పిల్లలు మీకొక్కళ్ళకే కావాలన్నమాట."

ఆడవాళ్ళు నవ్వారు. చివర్లో నేను చెయ్యెత్తి, మగవాళ్ళ బీజాలు దేవుడు ఒంటి బయట ఎందుకు పెట్టిండు, చల్లగ ఉండనీకేనా అని అడిగాను. కొందరు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆమె నవ్వలేదు. అవునని చెప్పి, పూర్తిగా వివరించి, ఏ కాలేజీలో చదివారని అడిగారు. తొమ్మిదో తరగతి, మిగిలింది లైబ్రరీ అన్నాను. "సోమవారం ఆస్పత్రికి రండి. మగవాళ్ళతో మాట్లాడగలిగే చదువరి కావాలి నాకు," అన్నారు. నా జీవితంలో నన్ను చదువరి అని పిలిచిన మొదటి మనిషి ఆమె. మిల్లు మానేసి ఆమె దగ్గర పనికి చేరాను.

ఆమె పరిశోధన అడిగే ప్రశ్న సులభమైనదే. మిల్లుల్లో, సాంచాల మీద పనిచేసే మగవాళ్ళ పనికీ వాళ్ళ వీర్యకణాల స్థితికీ ఏమైనా సంబంధం ఉందా? జవాబు కావాలంటే మగవాళ్ళు నమూనా ఇవ్వాలి. ఆస్పత్రికి రమ్మంటే ఎవరూ రాలేదు. చివరికి కడోదరాలో తెలుగు మెస్ నడిపే ఎల్లయ్య మామ తన మెస్ పైగది ఇచ్చాడు. అన్నానికి వచ్చినట్టు వచ్చి పైకెక్కొచ్చు, ఎవరికీ అనుమానం రాదు. నమూనాను గంటలోపు చూడాలి కాబట్టి ల్యాబ్ టెక్నీషియన్ హేతల్‌బెన్ తన మైక్రోస్కోపును ఆ పక్క గదిలోనే పెట్టుకుంది. మేడం తెలుగు విని మావాళ్ళు మొదట్లో, "టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడుతది," అని నవ్వుకునేవారు. ఫారంలో ఉన్న 'దాంపత్య జీవనం' లాంటి మాటలను మావాళ్ళ మాటల్లోకి మార్చే పని ఆమె నాకే అప్పగించారు. మార్చి చదివి వినిపిస్తే, బడిపిల్లలా మళ్ళీ పలికి నేర్చుకునేవారు.

ఒకరోజు సాంచాల కార్మికుడు ఒకాయనకు నియమం చెబుతున్నాను. నమూనాకు ముందు మూడు రోజులు భార్యకు దూరంగా ఉండాలి.

"మూడు దినాలేంది తమ్మీ," అన్నాడాయన. "నా పెండ్లాం ఊర్లనే ఉంటది. దసరాకు పోయి పది దినాలుండి వస్త. పోయినేడు దసరాకు సుత పోలే."

"మరి పిల్లలు కాలేదని ఎన్నేండ్ల సంది బాధపడుతున్నవన్నా?"

"ఐదేండ్ల సంది."

మేడంకు ఈ సంగతి చెప్పగానే కలం కింద పెట్టేశారు. కలిసి కాపురం చేయని దంపతులను సంతానం లేనివాళ్ళ లెక్కలో ఎలా వేస్తాం అన్నారు. ఏడాదిలో ఎన్ని నెలలు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు అన్న ప్రశ్న ఆ రోజే ఫారంలో చేరింది. అది నా ప్రశ్న అని ఆమె సమావేశంలో పెద్ద డాక్టర్లందరి ముందూ చెప్పారు. అచ్చయిన పత్రంలో ఆ ప్రశ్న ఉంది. చూసినప్పుడల్లా నాకు గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

ఆ గర్వమే నన్ను తప్పు చేయించింది. మగవాళ్ళు జంకుతుంటే ధైర్యం చెప్పాలనుకుని, ఫారం నింపే ముందు నా లైబ్రరీ చదువంతా విప్పేవాణ్ణి. "అన్నా, ఇది నీ తప్పు గాదు. మిషిన్ల వేడికి బీజాలు చచ్చిపోతయి, పుస్తకాలల్ల ఉన్నది," అనేవాణ్ణి. వాళ్ళ మొహాలు తేలికపడేవి. ఫారాలు చకచకా నిండేవి. ఒక సాయంత్రం మేడం కొన్ని ఫారాలు బల్లమీద పరిచి నన్ను పిలిచారు.

"ఈయన మడతలు పెట్టే విభాగంలో చేస్తాడు కదా. రోజూ పన్నెండు గంటలు బాయిలర్ పక్కనే నిలబడతానని రాశాడేంటి, రాజేశం?"

ఆమె ఇంకొకటి చూపించారు, మరొకటి చూపించారు. అందరికీ వేడే. నేను ఏం చెప్పానో ఒప్పుకున్నాను.

"వేడి కారణం కావచ్చు, కాకపోవచ్చు. తెలీకే కదా ఇంత తిరుగుతున్నాం. జవాబు నువ్వే చెప్పి మళ్ళీ వాళ్ళ నోటితో విన్నావు," అన్నారు. కోపంగా కాదు, అలసటగా.

పంతొమ్మిది ఫారాలు పక్కన పెట్టేశాం. ఆ మనుషులను మళ్ళీ అడగడానికి లేదు, విన్నమాట మరవరు కదా. కొత్తవాళ్ళను వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆస్పత్రి కమిటీకి ఆమె రాసిన ఉత్తరం నాకు చదివి వినిపించారు. పర్యవేక్షణ లోపం నాదే అని అందులో ఉంది. నా పేరు లేదు. నా పేరు కూడా రాయండి మేడం అంటే, నేర్పకుండా పంపింది నేను అన్నారు.

ఉత్తరం మడిచాక ఆమె మరో మాట అడిగారు. "ఆ వేడి సంగతి ఎవరి కోసం చెప్పావు, రాజేశం?"

నేను పక్కన పెట్టిన ఫారాలు సర్దడం మొదలుపెట్టాను.

"మీ ఆవిడకి ఎన్ని పరీక్షలయ్యాయి?"

"లెక్క లేదు మేడం. ట్యూబుల పరీక్షే రెండుసార్లు."

"నీకు?"

కింద మెస్‌లో పళ్ళాలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. "ఇది ఫారంలో లేని ప్రశ్న. జవాబు చెప్పకపోయినా నీ ఉద్యోగానికేమీ కాదు. నా దగ్గర పనిచేస్తావు కాబట్టి నిన్ను ఈ పరిశోధనలో చేర్చుకోకూడదు కూడా. పరీక్షంటూ చేయించుకుంటే మీ ఇద్దరి కోసమే చేయించుకో," అన్నారు.

వారం తర్వాత, నేను ఎందరికో తలుపు తీసి చూపించిన ఆ గదిలోకి నేనే వెళ్ళి గడియ పెట్టుకున్నాను. హేతల్‌బెన్ చాలాసేపు చూసి, మేడంను పిలిచింది. మేడం కూడా చూశారు. "దాదాపు లేవు, రాజేశం. ఒక్క పరీక్షతో తేల్చం. మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం." మూడు నెలల తర్వాతా అదే వచ్చింది. వేడి వల్లనేనా మేడం అని అడిగాను. ఎంతో ఆశగా అడిగాను. "నీ విషయంలో నాకు తెలీదు," అన్నారామె. ఔనని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో ఆమెకు తెలుసు. అయినా అనలేదు.

ఇంటికి వెళ్ళి అమ్మను, పద్మను కూర్చోబెట్టి చెప్పాను.

"మగోనికేం లోపమురా? గా మిషిని తప్పు చూపెట్టింది," అంది అమ్మ.

"రెండుసార్లు చూపెట్టిందే."

పద్మ ఏడవలేదు. పొయ్యి మంట తగ్గించి నావైపు తిరిగింది. "మరి నాకు ఆ ట్యూబుల పరీక్ష ఎందుకు చేయించినవ్, రెండుసార్లు?" అంది. అన్ని నోటుబుక్కులు నింపినవాడికి ఒక్క వాక్యం దొరకలేదు. నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ న్యాయమైనవే. ఐదోరోజు నేను తప్పయిందన్నాను.

అమ్మ మారడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. పక్క గదివాళ్ళ సీమంతానికి పద్మను పిలవకుండా నన్నూ అమ్మనూ మాత్రమే పిలిచినప్పుడు, అమ్మ గడపలోనే నిలబడి, "మా కోడలికేం లేదంట. మావోనిదేనంట, కాయితంల రాసి ఉన్నది. రమ్మంటె ముగ్గురం వస్తం," అంది. ముగ్గురమూ వెళ్ళాం.

ఒక్క కణాన్ని సన్నని సూదితో అండంలోకి పంపే పద్ధతి ఉంది. మేమూ ఒకసారి ప్రయత్నించాం. గర్భం నిలవలేదు. ఇంక చాలంది పద్మ. మేడం మమ్మల్ని మరోసారికి ఒత్తిడి చేయలేదు. ఇలా నిలవని వాళ్ళ వివరాలూ నిలిచిన వాళ్ళంత శ్రద్ధగా రాసుకునేవారు. సభలో దేవత అన్న మాట నాకు మింగుడుపడకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు అదే ఆస్పత్రిలో జంటలతో మొదట మాట్లాడే ఉద్యోగం నాది. అత్తలు కోడళ్ళను ముందుకు తోస్తారు. నేను కుర్చీ కొడుకు వైపు జరుపుతాను. కారణమేమిటని అడిగితే, తెలియనప్పుడు తెలియదనే అంటాను. ఎంతో చదివినవాడికి ఆ మాట అనడం కష్టం. మేడం దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది అదే.

పుస్తకాలిచ్చిన నిరంజన్‌భాయ్‌కి, గది ఇచ్చి ఏనాడూ ఎవరు పైకెక్కారో బయట చెప్పని ఎల్లయ్య మామకు, నా పరీక్ష కాగితం చేతికిస్తూ కళ్ళు దించుకోని హేతల్‌బెన్‌కి, ఆ గుమ్మంలో కోడలి పక్షాన మాట్లాడిన మా అమ్మ లచ్చవ్వకు కృతజ్ఞతలు. నమూనాలిచ్చిన మగవాళ్ళ పేర్లు నియమం ప్రకారం రాయకూడదు. వాళ్ళకు ఇక్కడినుంచే దండం. ఇదంతా పద్మకు చదివి వినిపించి, నీ పేరు ఉంచాలా తీసెయ్యాలా అని అడిగాను.

"ఉంచు," అంది. "ఏడేండ్లు తప్పంత నాదే అని అందరు నా పేరే చెప్పిండ్రు గదా. ఒకసారి సరిగ్గ రాసి ఉండనీ."

ఆమె పేరు పద్మ.